చెప్పినవాడే ముద్దాయి

తుపాకీ అనే మాట ఒక ముస్లిం కలం నుంచి వస్తే చాలు, చదివేవారిలో కొందరు సర్దుకుని కూర్చుంటారని మాకు తెలుసు. అందుకే ముందే చెప్పుకుంటున్నాం. ఇది ఎవరినీ తుపాకీ పట్టమని చెప్పే వ్యాసం కాదు. మా ఇళ్లలో ఉన్న ఆయుధాలల్లా బక్రీదునాడు బయటికి తీసే కత్తీ, వంటింట్లో కత్తిపీటా. ఎవరూ అడగకముందే మేమిలా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది చూశారా, ఈ వ్యాసం దాని గురించే. కాకపోతే కథ మొదలయ్యేది మన దగ్గర కాదు, అమెరికా రోడ్ల మీద.

అక్కడ పౌరుడు ప్రభుత్వం ఇచ్చిన పర్మిటుతో పిస్తోలును నడుముకు పెట్టుకుని, చొక్కా కింద దాచుకుని తిరగవచ్చు. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలలో ఆ పర్మిటు కూడా అక్కర్లేదు. అలాంటి మనిషి కారు నడుపుకుంటూ పోతుంటే వెనుక లైటు వెలగలేదనో, వేగం మించిందనో పోలీసు ఆపుతాడు. కిటికీ దగ్గరికొచ్చి డ్రైవింగ్ లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం అడుగుతాడు. పిస్తోలు ఊసెత్తడు. ఇప్పుడు ఆ మనిషి తన దగ్గర పిస్తోలుందని తానై చెప్పాలా? అడిగినదాకా ఊరుకోవాలా?

చట్టం రాష్ట్రానికొక రకంగా ఉంది. మిషిగన్, నార్త్ కెరొలైనా, అలాస్కా వంటి చోట్ల పోలీసు దగ్గరికి రాగానే చెప్పి తీరాలి. ఒహాయోలో 2022 జూన్ దాకా అదే నియమం. ఆ తర్వాత అడిగితేనే చెప్పాలని మార్చారు. మినెసోటాలో అడిగితే నిజం చెప్పాలి, అడగకపోతే చెప్పే బాధ్యత లేదు. ఇల్లినాయ్‌లోనూ అంతే. అన్ని రాష్ట్రాలకంటే ఆఖరున, 2013లో, దాచుకుని తిరిగే తుపాకీకి అనుమతి ఇచ్చిన రాష్ట్రం అది. షికాగోలోని డెవాన్ ఎవెన్యూ ఆ రాష్ట్రంలోదే. హలీమ్, బిర్యానీ, దక్కనీ ఉర్దూ మూడూ దొరికే ఆ వీధి మన హైదరాబాదు వారికి కొత్త కాదు.

చెప్పాలనే వారి వాదన ఇది: పర్మిటు ఉన్నవాడంటే నేరచరిత్ర లేదని ప్రభుత్వమే తేల్చిన మనిషి, దాచవలసిన అవసరం అతనికేముంది? ముందే చెబితే పోలీసు బెదరడు. కాగితం తీయబోయినప్పుడు చొక్కా తొలగి పిస్తోలు కనబడితేనే ప్రమాదం. వద్దనే వారి వాదన మరొకటి: చట్టం అడగనిది మనమెందుకు చెప్పాలి? అయిదు నిమిషాల్లో చలాను రాసి పంపేవాణ్ని కంగారు పెట్టి, సోదా దాకా తెచ్చుకోవడమెందుకు? రెండు వాదనలలోనూ తర్కం ఉంది. కాని రెండూ కారులో కూర్చున్నవాడు ఎవరైనా ఒకటేననుకుని సాగుతాయి. అతని రంగు ఏమిటి, పేరేమిటి, ముక్కు ఎలా ఉంది అన్న సంగతి ఈ తర్కంలోకి రాదు. ముక్కు అన్నది మాటవరసకు అనలేదు.

2016 జులై 6 సాయంత్రం మినెసోటాలో, సెయింట్ పాల్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఫాల్కన్ హైట్స్‌లో ఒక కారును పోలీసు ఆపాడు. నడుపుతున్నది ఫిలాండో కాస్టీల్, 32 ఏళ్ల నల్లజాతి యువకుడు. బడిలో పిల్లలకు భోజనం పెట్టే చోట సూపర్‌వైజర్. పక్కన స్నేహితురాలు, వెనుక సీట్లో ఆమె నాలుగేళ్ల కూతురు. ఆపడానికి ముందు పోలీసు వైర్‌లెస్‌లో ఒక మాట అన్నాడు. కారు నడిపేవాడి వెడల్పాటి ముక్కు చూస్తే ఒక దోపిడీ కేసు అనుమానితుడిలా ఉన్నాడని. కారు దగ్గరికొచ్చాక మాత్రం బ్రేకు లైటు వెలగడం లేదని చెప్పాడు.

కాస్టీల్ ఇన్సూరెన్సు కార్డు ఇచ్చాడు. ఆ తర్వాత, అడగకుండానే, "సర్" అని సంబోధించి, తన దగ్గర తుపాకీ ఉందని చెప్పవలసి ఉందన్నాడు. అతనికి పర్మిటు ఉంది. మినెసోటా చట్టం ప్రకారం అడగనిదే చెప్పనక్కర్లేదు. అయినా చెప్పాడు. అలాగైతే దాని జోలికి పోవద్దని పోలీసు అన్నాడు. తాను తీయడం లేదని కాస్టీల్ అన్నాడు. తీయవద్దని పోలీసు అరిచాడు. ఏడు గుళ్లు పేలాయి. అయిదు అతనికి తగిలాయి. తుపాకీ మాట నోటి నుంచి వచ్చిన దగ్గర్నుంచి గుళ్లు పేలడానికి సుమారు పది సెకన్లు. పక్కనున్న స్నేహితురాలు ఆ తర్వాతి దృశ్యాన్ని ఫోను ద్వారా లోకానికి చూపించకపోతే, ఈ పేరు మన దాకా వచ్చేది కాదేమో.

పోలీసు తరఫు మాట కూడా చెప్పాలి. కారులో గంజాయి వాసన వచ్చిందనీ, అతని చెయ్యి పిస్తోలు వైపు పోతోందనుకున్నాననీ, ప్రాణభయంతో కాల్చాననీ అతను చెప్పాడు. 2017 జూన్ 16న జూరీ అతన్ని అన్ని నేరాల నుంచీ విముక్తుణ్ని చేసింది. కాస్టీల్ పిస్తోలు నిక్కరు జేబు లోతున దొరికింది. దాని గొట్టంలో గుండు ఎక్కించి లేదు.

కాస్టీల్ అజ్ఞానం వల్ల పోలేదు. అంతకుముందు పదమూడేళ్లలో నలభైకి పైగా సార్లు అతన్ని రోడ్ల మీద ఆపారు, ఎక్కువభాగం చిల్లర కారణాలకే. పోలీసు ఆపితే ఎలా మసలుకోవాలో అతనికంటే తెలిసినవాళ్లు తక్కువ. ఏం చెప్పినా చేసెయ్యి, ఎదురు మాట్లాడకు అని నేర్పానని తల్లి చెప్పింది. ఆ పాఠం మా తల్లులూ నేర్పినదే. సీదా జవాబు చెప్పు, సాహెబ్ అను, చేతులు కనబడనీ.

ఆయుధాల హక్కు కోసం అనుదినం గొంతు చించుకునే అమెరికా రైఫిల్ సంఘం ఈ చావు మీద రెండు రోజులకు ఒక ప్రకటన చేసింది. అందులో కాస్టీల్ పేరు లేదు. పర్మిటు పుచ్చుకుని, మర్యాదగా మాట్లాడి, నిజం చెప్పినవాడు ఆ సంఘం దృష్టిలో ఆదర్శ సభ్యుడు కావాలి కదా! ఎందుకు కాలేదు? దీనికి జవాబు కావాలంటే లైసెన్సు అనే ఆ కాగితం ఎక్కడ పుట్టిందో చూడాలి.

1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నల్లవారు పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి టానీ అందుకు చూపిన కారణాల్లో ఒకటి ఆలోచించదగ్గది. వాళ్లను పౌరులని ఒప్పుకుంటే ఇష్టమొచ్చిన చోటికి పోగలరు, సభలు పెట్టగలరు, ఎక్కడికి పోయినా ఆయుధం వెంట ఉంచుకోగలరు. ఇవన్నీ జరగకూడదు కనుక వాళ్లు పౌరులు కాకూడదు. అంటే పౌరసత్వం ఇచ్చి హక్కు ఇవ్వకపోవడం కాదు, ఆ హక్కు రాకూడదనే పౌరసత్వాన్నే కాదన్నారు.

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. అదే సంవత్సరం చివర మిసిసిపీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. సైన్యంలో పనిచేసేవాడైతే తప్ప, లేదా కౌంటీ పోలీసు బోర్డు లైసెన్సు ఇస్తే తప్ప, విముక్తుడైన నీగ్రో ఎవడూ తుపాకీ గానీ మందుగుండు గానీ పెద్ద కత్తి గానీ పెట్టుకోరాదు. నీగ్రో అన్న మాట ఆ చట్టంలోనే ఉంది. తెల్లవాడికి లైసెన్సు ప్రసక్తి లేదు. లైసెన్సు అన్నది అక్కడ అనుమతిగా పుట్టలేదు, ఎవరి దగ్గర ఏముందో కనిపెట్టే పుస్తకంగా పుట్టింది.

తర్వాతి చట్టాలలో నీగ్రో అన్న మాట తీసేశారు. రాజ్యాంగ సవరణలు అడ్డొచ్చాయి కనుక. 1893లో ఫ్లోరిడా చేసిన లైసెన్సు చట్టం పైకి అందరికీ ఒకటే. 1941లో ఒక మనిషి కారు ముందు అరలో పిస్తోలు ఉన్నందుకు పట్టుబడి, కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వచ్చింది. న్యాయమూర్తి బ్యూఫర్డ్ తన ప్రత్యేక అభిప్రాయంలో ఉన్నమాట రాసేశాడు. టర్పెంటైను, కలప పనులకు వచ్చిన నీగ్రో కూలీలను నిరాయుధులను చేయడానికే ఈ చట్టం తెచ్చారనీ, తెల్లవారికి వర్తింపజేసే ఉద్దేశం ఎన్నడూ లేదనీ, ఆచరణలో వర్తింపజేయలేదనీ. పాలకవర్గాల మనసు ఇంత శుభ్రంగా కోర్టు కాగితాల మీదికి ఎక్కడం అరుదు. మన దగ్గరైతే ఇలాంటివి ఫైలులో దొరకవు, స్టేషను వసారాలోనే వినపడతాయి.

1956 జనవరి 30న మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. భార్యా పసిబిడ్డా లోపలే ఉన్నారు. తర్వాత ఆయన తుపాకీ పర్మిటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. కింగ్‌ను అహింసామూర్తిగా పూజించే మన లౌకిక మిత్రులు ఈ దరఖాస్తు సంగతి సాధారణంగా చెప్పరు. ఆ తర్వాత ఆయన తుపాకీని పూర్తిగా వదులుకున్నాడు, అది ఆయన గొప్ప. కాని పర్మిటు నిరాకరించినవాడికి ఆయన అహింస అప్పటికి తెలియదు. రంగు మాత్రమే తెలుసు.

ఇక మాకు మరీ దగ్గరైన కథ. నేషన్ ఆఫ్ ఇస్లాం అనే నల్ల ముస్లింల సంస్థ గురించి అమెరికా పత్రికలు భయం భయంగా రాసేవి. నిజానికి ఆయుధం వెంట ఉంచుకోరాదని ఆ సంస్థ తన సభ్యులకు కట్టడి చేసింది. 1962 ఏప్రిల్ 27 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో వాళ్ల మసీదు దగ్గర ఇద్దరు మనుషులు కారు డిక్కీలోంచి బట్టలు తీస్తున్నారు. పోలీసులకు అనుమానం వచ్చింది. ఆపారు, అడిగారు, పెనుగులాట అయింది, మరిన్ని బళ్లు వచ్చాయి, పోలీసులు మసీదులోకి చొరబడ్డారు. ఏడుగురు ముస్లింలకు తూటాలు తగిలాయి. మసీదు కార్యదర్శి, కొరియా యుద్ధంలో అమెరికా తరఫున పనిచేసి వచ్చిన రొనాల్డ్ స్టోక్స్ చనిపోయాడు. అతని చేతిలో ఆయుధం లేదు. ఒక పోలీసుకూ గుండు దెబ్బ తగిలింది. విచారణ జూరీ స్టోక్స్ చావును సమర్థనీయమైన హత్య అని తేల్చింది. కేసులు పెట్టింది ముస్లింల మీద. దగ్గర తుపాకీ ఉందని చెప్పాలా వద్దా అన్న ప్రశ్న స్టోక్స్‌కు ఎదురే కాలేదు. చెప్పడానికి ఏమీ లేదు. లేదన్నా నమ్మేవాడూ లేడు.

స్టోక్స్ అంత్యక్రియలకు లాస్ ఏంజెలెస్ వచ్చినవాడు మాల్కం ఎక్స్. రెండేళ్లకు, 1964లో, కిటికీ పరదా తొలగించి చేతిలో కార్బైన్‌తో బయటికి చూస్తున్న అతని ఫోటో అచ్చయింది. దాన్ని పోస్టరుగా గోడలకు అంటించుకున్నవాళ్లు తిరుగుబాటును చూశారు, భయపడినవాళ్లు ఉగ్రవాదిని చూశారు. అది ఇంటిల్లిపాదినీ చంపేస్తామని బెదిరింపులు వస్తున్న తండ్రి ఫోటో. 1965 ఫిబ్రవరి 14న ఆ ఇంటి మీద నిప్పు సీసాలు విసిరారు. వారం తిరక్కుండా, 21న, అతన్ని సభావేదిక మీదే కాల్చేశారు.

దాచడం, చెప్పడం అన్న రెండూ వద్దని మూడోదారి పట్టినవాళ్లు బ్లాక్ పాంథర్లు. 1966లో ఓక్‌లండ్‌లో మొదలైన ఈ యువకులు పోలీసు కార్ల వెంట తమ కార్లలో తిరిగేవారు. పోలీసులు నల్లవాణ్ని ఆపిన చోట దిగి, చట్టం చెప్పినంత దూరంలో నిలబడి చూసేవారు. చేతుల్లో తుపాకులు బాహాటంగా. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం అది నేరం కాదు. హ్యూయీ న్యూటన్ చట్టం పుస్తకం దగ్గర పెట్టుకుని వాదించేవాడు. అందరికీ కనబడుతున్నదాన్ని వేరే చెప్పేదేముంది? రాష్ట్రం ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. చట్టాన్నే మార్చేసింది. మల్ఫర్డ్ అనే శాసనసభ్యుడు బిల్లు పెట్టాడు, 1967 జులైలో గవర్నరు రొనాల్డ్ రీగన్ సంతకం చేశాడు, రైఫిల్ సంఘం మద్దతిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో న్యూటన్ కారును ఆపినప్పుడు జరిగిన కాల్పుల్లో ఒక పోలీసు చనిపోయాడు, న్యూటన్ గాయపడ్డాడు. అతనికి పడిన శిక్షను పైకోర్టు 1970లో కొట్టేసింది. పాంథర్ల హింసనంతా మేం నెత్తిన పెట్టుకోవడం లేదు. కాని తెల్లవాడి చేతిలో ఉన్నంతకాలం హక్కుగా ఉన్నది నల్లవాడి చేతికి రాగానే నేరం కావడానికి ఎన్ని నెలలు పట్టిందో లెక్క చూసుకోవచ్చు.

కోర్టులు కూడా ఈ రోడ్డు పక్క ప్రశ్నను ఒక్కో మెట్టుగా పోలీసు వైపే జరుపుతూ వచ్చాయి. 1977లో మిమ్స్ కేసు: నెంబరు ప్లేటు గడువు తీరిందని ఆపిన మనిషిని కారు దిగమన్నారు, కోటు కింద ఉబ్బు కనబడింది, పిస్తోలు దొరికింది. ఆపిన ప్రతివాణ్నీ కారణం చెప్పకుండానే దిగమనవచ్చని సుప్రీంకోర్టు అంది. 1996లో వ్రెన్ కేసు: పోలీసు మనసులో ఉన్న అసలు కారణం ఏదైనా, ట్రాఫిక్ తప్పు ఒకటి చూపగలిగితే ఆపడం సక్రమమే. కాస్టీల్ కథలో ముక్కుకూ బ్రేకు లైటుకూ ఉన్న సంబంధం ఈ తీర్పులో ఉంది. 2017 జనవరిలో నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు రాబిన్సన్ కేసులో ఇంకో అడుగు వేసింది. వెస్ట్ వర్జీనియాలో సీటు బెల్టు పెట్టుకోలేదని ఆపిన కారులోని మనిషి అతను. సక్రమంగా ఆపిన మనిషి దగ్గర తుపాకీ ఉందంటే, అది చట్టబద్ధమైనదా కాదా అన్నదానితో నిమిత్తం లేకుండా, అతన్ని ప్రమాదకరమైన వాడిగానే చూసి సోదా చేయవచ్చు. మరి లైసెన్సు ఎందుకిచ్చినట్టు? చెప్పమని చట్టం ఎందుకంటున్నట్టు? నార్త్ కెరొలైనాలో ఉన్న మనవాడు నిజాయితీగా చెప్పిన ఒక్క ముక్క అతని మీద సోదాకు సరిపడే సాక్ష్యమవుతుంది.

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. ఎదుటి పక్షాన్ని ముద్దా అలైహ్ అంటారు. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడయ్యాడు. రెండు భాషల్లోనూ వార్తలు రాసే మాబోటివారు ఏళ్ల తరబడి ఈ తిరకాసుతోనే బతుకుతుంటాం. ఉర్దూ పత్రికలో న్యాయం అడగడానికి వచ్చినవాణ్ని తెలుగు పత్రికలో బోనులో నిలబెట్టినట్టవుతుంది. భాషావేత్తలు దీనికేదో కారణం చెబుతారు. కాస్టీల్ వీడియో చూసిననాడు మాకు తట్టింది మాత్రం ఈ మాటే.

లైసెన్సు ఉన్నవాడు ప్రమాదకారి అన్న సూత్రం అందరికీ వర్తిస్తుందా? 2015 ఫిబ్రవరి 10న నార్త్ కెరొలైనాలోని చాపెల్ హిల్‌లో ముగ్గురు ముస్లిం విద్యార్థుల్ని వాళ్ల ఇంట్లోనే పొరుగువాడు కాల్చి చంపాడు. దియా బరకాత్, అతని భార్య యుసర్, ఆమె చెల్లెలు రజాన్. చంపినవాడు తెల్లవాడు, పిస్తోలు దాచుకుని తిరిగేందుకు పర్మిటు ఉన్నవాడు. మొదట పోలీసులు దాన్ని కారు నిలుపుకునే చోటు కోసం తగాదా అన్నారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినవాడు అతన్ని ఇరానీ అనుకున్నాడు. ఆ రాష్ట్రంలో 2015 నుంచే పిస్తోలుకు పర్మిటు అక్కర్లేదు. శ్రీనివాస్ ముస్లిం కాదు, ఇరానీ కాదు. ఆ సంగతి అడిగి తెలుసుకునే ఓపిక తుపాకీ పట్టినవాడికి లేదు. మన ఊళ్లలో చాలామంది ఆ రోజు, అతను ముస్లిం కాదు కదా, పొరపాటున చంపారు అన్నారు. ఆ పొరపాటున అన్న మాట మాకు ఎలా వినిపించి ఉంటుందో ఆ మిత్రులు ఒక్కసారి ఆలోచించాలి. నిజం ఇరానీ అయితే పొరపాటు కానట్టేనా?

మన దేశంలో ఈ ప్రశ్న తుపాకీ రూపంలో ఎక్కువమందికి రాదు. ఆ సంగతి బ్రిటిషువాళ్లు ఏనాడో చూసుకున్నారు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు మినహాయింపు. మిసిసిపీకీ మద్రాసుకీ మధ్య పదమూడేళ్ల తేడా. స్వతంత్ర భారతం ఆ మినహాయింపు తీసేసి 1959లో కొత్త చట్టం చేసింది. దానిలో 19వ సెక్షను చదవదగ్గది. ఆయుధం ఉన్నవాణ్ని పోలీసు లైసెన్సు అడగవచ్చు. చూపించకపోతే పేరూ ఊరూ అడగవచ్చు. పేరు చెప్పకపోయినా, చెప్పిన పేరు అబద్ధమని అనుమానం వచ్చినా, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఆయుధంతో మొదలైన సెక్షను పేరు దగ్గర ముగుస్తుంది. మా విషయంలో పోలీసులు మొదట్లో ఉన్న ఆయుధాన్ని వదిలేసి నేరుగా పేరు దగ్గర మొదలుపెడతారు.

రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర బండి ఆపినప్పుడు పేరు అడిగితే, పూర్తి పేరు చెప్పాలా, బాషా అనో బాబు అనో ముద్దుపేరుతో సరిపెట్టాలా అన్న తటపటాయింపు మా యువకుల్లో ప్రతివాడికీ అనుభవమే. చెప్పకపోతే దాచినట్టు, చెబితే చెప్పినట్టు. లైసెన్సు కార్డులో ఎలాగూ ఉంటుంది, ఆ అరనిమిషం ఆగి ఏం బావుకుంటాడని అడగవచ్చు. కాని ఆ అరనిమిషం పాటు అవతలివాడు మామూలుగా మాట్లాడతాడు.

ఆయుధం ఎవరి దగ్గర ఉంచాలి, ఎవరి దగ్గర లాక్కోవాలి అన్నదానికి మాకూ ఒక చరిత్ర ఉంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు సంస్థానంలో ఏం జరిగిందో చూసి రమ్మని కేంద్రం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. అందులో పయామ్ పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నారు. రజాకార్లు అంతకుముందు పల్లెల్లో చేసిన దారుణాలను ఆ బృందం దాచలేదు, మేమూ దాచం. ఆ తర్వాత ముస్లిం గ్రామస్థుల దగ్గర ఆయుధాలు తీసేసుకుని, చాలాచోట్ల ఎదుటివారి దగ్గర వదిలేశారనీ, ఆపైన హత్యలు జరిగాయనీ బృందం నమోదు చేసింది. మృతులు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని దాని అంచనా. ఆ నివేదిక 2013 దాకా మామూలు జనం కంటపడలేదు. అరవై అయిదేళ్లు!

ఇంకో కాగితం సంగతి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయినవాళ్లు నమాజుకు వచ్చిన ముస్లింలు, తర్వాత పోలీసులు పట్టుకుపోయినవాళ్లూ ముస్లిం కుర్రాళ్లే. కోర్టులు వదిలేశాక, 2012లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకు కొంత పరిహారంతోపాటు మంచి నడవడి కలవారని ఒక సర్టిఫికెట్ ఇచ్చింది. పరిహారాన్ని హైకోర్టు 2013లో తప్పుబట్టింది. నేరం చేయలేదని సర్కారు ముద్ర వేసిన కాగితం జేబులో పెట్టుకుని తిరగవలసిన పౌరులు ఎందరుంటారు? కాస్టీల్ పర్మిటు కూడా సరిగ్గా అదే. ఇతను నేరస్థుడు కాడు అని రాష్ట్రం ఇచ్చిన హామీ. అది అతని దగ్గరే ఉంది.

మరి అసలు ప్రశ్నకు మా జవాబేమిటని అడగవచ్చు. అమెరికాలో ఉన్న మావాళ్లలో చాపెల్ హిల్ తర్వాత, ఒలేతా తర్వాత, ఆత్మరక్షణకు ఒకటి కొనుక్కోవాలని వాదించేవాళ్లున్నారు. మా అభిప్రాయం వేరు. పొరుగువాడి తుపాకీ నుంచి కాపాడుతుందనుకున్నది రేపు రోడ్డు మీద పోలీసు తుపాకీకి ఎదురు నిలబెడుతుంది. రెండో ప్రమాదం మొదటిదానికంటే తరచుగా వస్తుంది. అయినా కొన్నవాళ్లు తమ రాష్ట్రపు చట్టం ఏమందో తెలుసుకోవాలి. చెప్పి తీరాలన్నచోట చెప్పాలి, వేరే దారి లేదు. అయితే తుపాకీ అన్న మాటతో మొదలుపెట్టరాదు. చేతులు స్టీరింగు మీద ఉంచి, పర్మిటు ఉందని ముందు చెప్పి, ఎలా చేయమంటారో అడిగి, చెప్పేదాకా కదలకుండా ఉండాలి. అడిగితేనే చెప్పాలన్నచోట అడిగేదాకా ఆగినా తప్పు లేదు, అడిగినప్పుడు మాత్రం అబద్ధం ఆడరాదు. ఈ జాగ్రత్తలన్నీ పోలీసు భయాన్ని తగ్గించేందుకే తప్ప పౌరుడి భయాన్ని తగ్గించేవి కావని మాకు తెలుసు. కాస్టీల్ వీటిలో చాలావరకు చేశాడనీ తెలుసు.

టెక్సాస్ 2017లో ఒక చట్టం చేసి, పోలీసు ఆపినప్పుడు ఎలా మసలుకోవాలో బడిపిల్లలకు పాఠం పెట్టింది. పోలీసులకూ శిక్షణ ఉండాలంది, అది మెచ్చుకోవాలి. మినెసోటాలో కాస్టీల్ తల్లి తోడ్పాటుతో ఒక చిన్న వస్తువు వాడుకలోకి వచ్చింది. లోపలిది బయటికి కనబడే సంచీ అది. కారులో ఏసీ గాలి వచ్చే చోట తగిలించుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం అందులో పెట్టుకుంటే, పోలీసు అడిగినప్పుడు చెయ్యి జేబులోకో సీటు కిందికో పోనక్కర్లేదు. తూటాలు తగిలాక కాస్టీల్ అన్న ఆఖరి మాట, నేను చెయ్యి పెట్టలేదు అని. ఆ సంచీకి చెయ్యి పెట్టడం లేదు అనే అర్థం వచ్చే పేరే పెట్టి, జనానికి ఉచితంగా పంచారు.